పాటలో కనిపించని పరదేశం

2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఓ తెలుగు పాట తీశారు. అధ్యక్షుడి భవనం మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు ఎన్టీఆర్, రామ్‌చరణ్ దుమ్మురేపిన ‘నాటు నాటు’ అది. షూటింగ్ ముగించుకుని యూనిట్ హైదరాబాద్ వచ్చేసింది. ఆరు నెలలు తిరిగేసరికి, 2022 ఫిబ్రవరి 24న, అదే నగరం మీద రష్యా క్షిపణులు పడ్డాయి. అప్పటికి ఉక్రెయిన్‌లో తెలుగువాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు మెడిసిన్ చదవడానికి వెళ్లిన పిల్లలు. మెట్రో స్టేషన్లలో, హాస్టల్ సెల్లార్లలో తలదాచుకున్నారు. దొరికిన రైలెక్కారు. కొందరు మంచులో మైళ్ల కొద్దీ నడిచి పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు చేరారు. ‘ఆపరేషన్ గంగ’ పేరుతో కేంద్రం వెనక్కి తీసుకొచ్చిన దాదాపు 22,500 మందిలో ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులు వందల్లో ఉన్నారు.

మరుసటి ఏడాది మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. కీవ్ నుంచి వచ్చిన పిల్లలు మాత్రం అప్పటికీ మిగిలిన చదువు ఎక్కడ పూర్తిచేయాలా అని తిరుగుతూనే ఉన్నారు.

ఫిల్మ్‌నగర్‌కు విదేశం అంటే లొకేషన్. పర్మిషన్లు, వీసాలు, పాటకు నాలుగైదు రోజులు, తిరుగు ప్రయాణం. అదే కొండ మీద, నాలుగు వీధులు దాటితే జూబ్లీహిల్స్ ఇళ్లలో విదేశం అంటే అడ్మిషన్ లెటర్, బ్యాంకు లోను, 23 కిలోల సూట్‌కేసులు రెండు. సినిమా ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టే పెద్దమ్మ గుడిలోనే వీసా ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లూ మొక్కుకుంటారు. అప్పటికీ ధైర్యం చాలకపోతే చిలుకూరు బాలాజీ ఉండనే ఉన్నాడు. ముందు 11 ప్రదక్షిణలు, వీసా చేతికొచ్చాక 108.

అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైంది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనంలోకి మారింది. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 నుంచి దుర్గం చెరువు తీగల వంతెన ఎక్కితే దారి అటే. ఆ దారిన వెళ్లేవాళ్లు ఎందరో లెక్కలు చూస్తే తెలుస్తుంది. ‘ఓపెన్ డోర్స్’ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. పదిహేనేళ్ల తర్వాత చైనాను దాటింది ఆ ఏడాదే. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి చేరింది. అందులో తెలుగువారి వాటా ఎంత పెద్దదో ఏ అమెరికన్ క్యాంపస్‌లో అడిగినా చెబుతారు.

మరి ఇంతమంది జీవితం తెలుగు తెర మీద ఎంత కనిపించింది? కనిపించినంతలో దాన్ని చూపించింది ఎవరు? పాటలకు లొకేషన్లు వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకంటే, అక్కడ అద్దె కట్టి, వంట చేసుకుని, మంచు తవ్వుకుని తిరిగొచ్చిన నలుగురైదుగురే ఎక్కువ చూపించారు.

అటు నుంచి అమ్మాయి, ఇటు నుంచి అబ్బాయి

తెలుగు సినిమాకు అమెరికా మొదట బంధుత్వాల కథగానే తెలుసు. 1976లో సింగీతం శ్రీనివాసరావు ‘అమెరికా అమ్మాయి’ తీశారు. పదకొండేళ్లకు ఆయనే ‘అమెరికా అబ్బాయి’ కూడా తీశారు. అదే 1987లో జంధ్యాల యూనిట్‌ను అమెరికా తీసుకెళ్లి ‘పడమటి సంధ్యారాగం’ తెరకెక్కించారు. విజయశాంతి సరసన నటించిన థామస్ జేన్ అనే అమెరికన్ కుర్రాడికి అదే తొలి సినిమా. తర్వాత అతను హాలీవుడ్‌లో పేరున్న నటుడయ్యాడు. కూతురు అమెరికన్‌ను ఇష్టపడితే తెలుగు తండ్రి ఏమవుతాడన్నది ఆ కథలోని ప్రశ్న. స్థిరపడిన కుటుంబాల భయం అది. ఒంటరిగా విమానం దిగిన విద్యార్థి ఇంకా కథలోకి రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో అమెరికా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు, శాస్త్రవేత్తలు, స్కాలర్‌షిప్ దొరికిన కొద్దిమంది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’ 1977లో పుట్టింది ఇలాంటివాళ్ల చొరవతోనే. 1990లలో సాఫ్ట్‌వేర్ ఊపందుకుని, అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులు వెలిశాక బాట మారింది. మధ్యతరగతి ఇంజనీరు కుర్రాడు అప్పుచేసి ఎం.ఎస్.కు బయల్దేరాడు. వాళ్లలో కొందరికి చదువుకంటే సినిమా పిచ్చి ఎక్కువ.

ఇంజనీరు జీతం, సినిమా బడ్జెట్

నారాయణగూడ కుర్రాడు నగేశ్ కుకునూర్ ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అట్లాంటాలోని జార్జియా టెక్‌లో పర్యావరణ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేశాడు. ఉద్యోగం చేస్తూనే నటన, దర్శకత్వం వర్క్‌షాపులకు వెళ్లాడు. దాచుకున్న జీతంతో హైదరాబాద్ తిరిగొచ్చి, 17 రోజుల్లో, 17 లక్షల రూపాయలతో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశాడు. 1998లో విడుదలైన ఆ సినిమాలో హీరో కూడా అతనే. పన్నెండేళ్లు అమెరికాలో ఉండి ఇంటికొచ్చిన కొడుక్కి సొంత ఊరే కొత్తగా కనిపిస్తుంది. అమ్మానాన్నలు పెళ్లి సంబంధాలు చూస్తుంటారు, అతనికి ఆ పద్ధతి మింగుడుపడదు. ఇంగ్లీషు, హిందీ, తెలుగు కలగలిసిన ఆ సంభాషణలు సినిమా డైలాగుల్లా కాకుండా హైదరాబాద్ ఇళ్లలో మాట్లాడుకున్నట్టే ఉంటాయి. విదేశంలో కుదురుకోవడం ఎంత కష్టమో, కుదురుకున్నాక తిరిగి రావడమూ అంతే కష్టమని చెప్పిన సినిమా అది.

శేఖర్ కమ్ముల దారి కూడా ఇంచుమించు అలాంటిదే. సీబీఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్, న్యూజెర్సీలో మాస్టర్స్, కొన్నాళ్లు ఐటీ ఉద్యోగం. ఆ తర్వాత అందరూ గ్రీన్‌కార్డు లెక్కలు వేసుకునే సమయంలో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో ఫిల్మ్ మేకింగ్ చదవడానికి చేరాడు. నల్లజాతి విద్యార్థుల చదువు కోసం 1867లో మొదలైన విశ్వవిద్యాలయం అది. వచ్చాక తీసిన తొలి సినిమా పేరే ‘డాలర్ డ్రీమ్స్’. అమెరికా వెళ్లాలని తపించే హైదరాబాద్ స్నేహితుల కథ. వెళ్లాలా వద్దా, వెళ్తే ఇక్కడ ఏం వదిలేస్తున్నాం అన్న వాదనే అందులోని డ్రామా. పెద్ద స్టార్ లేడు, ఫైట్లు లేవు. దర్శకుడి తొలి చిత్రానికిచ్చే ఇందిరాగాంధీ జాతీయ అవార్డు మాత్రం వచ్చింది. ‘ఆనంద్’, ‘హ్యాపీ డేస్’ ఆ తర్వాతి మాట.

విద్యార్థి నేరుగా హీరో అయింది 2005లో, ‘వెన్నెల’తో. అమెరికాలో పనిచేస్తూ సినిమా మీద మనసుపడ్డ దేవ కట్టా దాన్ని అక్కడి తెలుగు విద్యార్థుల మధ్యే తీశాడు. అందులో ఖాదర్ పాత్ర వేసిన కామారెడ్డి కుర్రాడు కిశోర్ మిషిగన్ రాష్ట్రంలోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాడు. ఆ సినిమా పేరే అతనికి ఇంటిపేరైంది. ఈరోజు వెన్నెల కిశోర్ లేని పెద్ద సినిమా వెతికితే గానీ దొరకదు. ఫెర్రిస్ స్టేట్ ఉన్న బిగ్ ర్యాపిడ్స్ చాలా చిన్న ఊరు, చలికాలం నెలల తరబడి మంచు. కామారెడ్డి నుంచి అలాంటి చోటికి వెళ్లినవాడికి మనుషుల్ని నిశితంగా గమనించడం తప్ప వేరే కాలక్షేపం ఏముంటుంది? ముఖంలో ఏ మార్పూ లేకుండా అతను వేసే జోకుల వెనక ఆ శిక్షణ కూడా ఉందనుకోవచ్చు.

మంచు లక్ష్మి ఓక్లహోమా సిటీ యూనివర్సిటీలో థియేటర్ చదివి, అమెరికన్ టీవీ సీరియళ్లలో చిన్న పాత్రలు వేసి, ఇక్కడికొచ్చాక ‘అనగనగా ఓ ధీరుడు’లో విలన్‌గా నంది అవార్డు అందుకుంది. నాగ్ అశ్విన్ న్యూయార్క్ ఫిల్మ్ అకాడమీలో దర్శకత్వం కోర్సు చేసి, శేఖర్ కమ్ముల దగ్గర ‘లీడర్’, ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’కు సహాయకుడిగా పనిచేశాడు. ‘మహానటి’, ‘కల్కి 2898 ఏడీ’ ఆ తర్వాత వచ్చాయి. అంటే అమెరికాలో చదివొచ్చిన ఒక తరం తన తర్వాతి తరానికి ఫిల్మ్‌నగర్‌లోనే పని నేర్పింది.

వీళ్లకు అక్కడ దొరికింది కెమెరా పాఠాలు మాత్రమే అయితే వాటికోసం ఇప్పుడు విమానం ఎక్కనక్కర్లేదు. 2008 నుంచి రామానాయుడు ఫిల్మ్ స్కూల్, 2011 నుంచి అన్నపూర్ణ స్టూడియోస్‌లోని ఫిల్మ్ కాలేజీ ఆ పాఠాలు చెబుతూనే ఉన్నాయి. వీళ్ల సినిమాల్లో కనిపించే అసలు తేడా వేరు. హీరో గిన్నెలు కడుగుతాడు, అద్దె గురించి మాట్లాడతాడు, అమ్మాయి తన నిర్ణయం తాను తీసుకుంటుంది. నాలుగు గోడల మధ్య, తక్కువ డబ్బుతో కథ నడుస్తుంది. నెలకు ఇంత అని లెక్కపెట్టుకుని బతికిన విద్యార్థి దశ ఆ సినిమాల బడ్జెట్‌లోనూ, మాటల్లోనూ ఉంది.

మొదటి సెమిస్టర్

ఆ దశ ఎలా ఉంటుందో ఇప్పుడు వెళ్తున్నవాళ్లను కదిపితే పూసగుచ్చినట్టు చెబుతారు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లడానికి వచ్చేది యూనివర్సిటీ భారతీయ విద్యార్థుల సంఘం సీనియర్లు. మొదటి వారం, పది రోజులు వాళ్ల గదిలోనే కార్పెట్ మీద పడక. ఆ తర్వాత నలుగురు కలిసి రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్. హాల్లో పడుకునేవాడికి అద్దె కాస్త తక్కువ. ఫ్రిజ్ మీద వంట టర్నులు రాసిన కాగితం. సోమవారం పప్పు ఎవరిదో, గురువారం గిన్నెలు ఎవరివో అందులో ఉంటుంది. రూమ్మేట్లతో మొదటి గొడవ డబ్బు దగ్గర కంటే ఆ కాగితం దగ్గరే మొదలవుతుంది.

ఇంట్లో గ్లాసు కూడా కడగని అబ్బాయి అక్కడ రైస్ కుక్కర్‌తో దోస్తీ చేస్తాడు. హైదరాబాద్‌లో సీల్ వేయించుకుని తీసుకెళ్లిన ఆవకాయ, గోంగూర మూడు నెలలు వస్తాయి. తర్వాత ఇండియన్ స్టోరే గతి. 1974లో షికాగోలో ఒక్క దుకాణంగా మొదలైన పటేల్ బ్రదర్స్ ఇప్పుడు అమెరికాలో చాలా నగరాల్లో ఉంది కాబట్టి సోనామసూరి బియ్యానికి కరువు లేదు. కారు లేకపోవడమే కరువు. కారున్న సీనియర్‌కు ఆదివారం పూట ఉండే డిమాండు స్టార్ హీరో కాల్షీట్లకు కూడా ఉండదు.

క్లాసులో ఇంకో లోకం. ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవాలంటే నోరు రాదు. ‘సర్’ అంటే ఆయన నవ్వుతాడు. ఇక్కడ రికార్డులు ఒకరివి ఇంకొకరు ఎక్కించుకోవడం స్నేహం లెక్క. అక్కడ అదే పని చేస్తే అకడమిక్ నేరం. పక్కవాడి ప్రోగ్రాములో నాలుగు లైన్లు దించినా కోర్సులో ఫెయిలవ్వొచ్చు, అడ్మిషనే పోవచ్చు. సెమిస్టర్ చివర ఒక్క పరీక్షతో బయటపడే అలవాటూ పనికిరాదు. వారం వారం అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, ప్రాజెక్టులు కలిస్తేనే గ్రేడు.

డబ్బు సంగతి మరీ సున్నితం. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. లైబ్రరీలో, డైనింగ్ హాల్లో, ప్రొఫెసర్ దగ్గర గ్రేడర్‌గా దొరికే ఆ పని కోసం మొదటి రోజు నుంచీ పోటీ. దొరకనివాళ్లను పెట్రోలు బంకు, రెస్టారెంటు క్యాష్ పని ఊరిస్తుంది. అది వీసా నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే చదువు, భవిష్యత్తు రెండూ పోతాయి.

రాత్రి డ్యూటీ చేసి పగలు చదవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1920ల మొదట్లో భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ట్రస్టు సాయం, మామగారి డబ్బు పట్టుకుని హార్వర్డ్ చేరాడు. స్కాలర్‌షిప్ లేదు. బోస్టన్‌లో ఓ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేశాడు. 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. వందేళ్లు గడిచినా ప్రయోగశాలల్లో దాని పేరు ఫిస్క్-సుబ్బారావు పద్ధతే. ఆయన మళ్లీ ఇండియా రాలేదు, 1948లో అక్కడే కన్నుమూశాడు. మొదటి ఏడాది అప్పులు, ఒంటరితనం గురించి మాట్లాడేటప్పుడు తెలుగు విద్యార్థులకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు.

టిబిలిసి నుంచి బాన్సువాడకు

అమెరికా ఒక్కటే గమ్యం కాదని చెప్పడానికి ఫిల్మ్‌నగర్‌లో ఒక సాక్ష్యం ఉంది. ఈటీవీ ‘ఢీ’లో డ్యాన్సు చేసిన సాయిపల్లవి ఆ తర్వాత జార్జియా దేశ రాజధాని టిబిలిసి వెళ్లి, అక్కడి స్టేట్ మెడికల్ యూనివర్సిటీలో వైద్యం చదివింది. చదువు మధ్యలో సెలవుల్లో వచ్చి నటించిన మలయాళ సినిమా ‘ప్రేమమ్’ 2015లో విడుదలై సంచలనమైంది. ఆమె మాత్రం వెనక్కి వెళ్లి 2016లో డిగ్రీ పూర్తిచేసింది. మరుసటి ఏడాది శేఖర్ కమ్ముల ‘ఫిదా’తో తెలుగులోకి వచ్చింది.

‘ఫిదా’లో అమెరికాలో వైద్యం చదివేది హీరో. ఊరు వదిలి రానని పట్టుబట్టే బాన్సువాడ అమ్మాయి భానుమతి హీరోయిన్. తెర వెనక మాత్రం ఇల్లు వదిలి పరాయి దేశంలో ఆరేళ్ల వైద్య విద్య ముగించుకొచ్చింది ఆ హీరోయినే.

విదేశీ డిగ్రీతో కథ ముగియదు. అక్కడ చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్.ఎం.జి.ఇ. అనే పరీక్షలో 300 మార్కులకు 150 తెచ్చుకోవాలి. స్టార్ అయ్యాక కూడా సాయిపల్లవి 2020 ఆగస్టులో తిరుచ్చి కేంద్రంలో ఆ పరీక్ష రాసింది. కన్సల్టెన్సీల రంగుల బ్రోచర్లలో ఈ పరీక్ష పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. తల్లిదండ్రులు ముందు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే.

ఏడాది అతిథులు

డిగ్రీ కోసం కాకుండా ఒక సెమిస్టరో, ఏడాదో ఉండి వచ్చే ఎక్స్ఛేంజ్ విద్యార్థుల లోకం వేరు. ఫీజు ఇక్కడే కడతారు, అక్కడి క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. ఉద్యోగం వేట ఉండదు కాబట్టి చుట్టూ చూడటానికి తీరిక ఉంటుంది.

హైస్కూలు పిల్లల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే కెన్నెడీ-లూగర్ ‘యస్’ కార్యక్రమం ఇంకా ఆసక్తికరం. 2002లో మొదలైన ఈ పథకంలో ఎంపికైనవాళ్లు ఏడాదిపాటు ఓ అమెరికన్ కుటుంబంతో ఉండి, అక్కడి బడిలో చదువుతారు. ఆ కుటుంబాలు పైసా తీసుకోవు. పిల్లలు సమాజసేవ చేయాలి, తమ దేశం గురించి అక్కడివాళ్లకు చెప్పాలి. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులూ దీనికి ఎంపికయ్యారు. నాన్న కూలి పనికి వెళ్లే ఇంటి నుంచి నేరుగా అమెరికన్ డైనింగ్ టేబుల్ దగ్గరికి. ప్రతి పూటా ‘థాంక్యూ’, ఇంటి పనుల్లో వంతు, కుక్కపిల్లను వాకింగ్‌కు తిప్పడం, పదిన్నరకు దీపాలార్పడం. ఎం.ఎస్. విద్యార్థి తెలుగు గదిలో తెలుగు వంటతో నెట్టుకొస్తాడు. ఈ పదహారేళ్ల పిల్లలకు ఆ ఆసరా లేదు. వాళ్లు కుదురుకున్నారంటే నిజంగా కుదురుకున్నట్టే.

హైదరాబాద్‌కూ ఇలాంటి అతిథులు వస్తారు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1998లో ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం మొదలుపెట్టింది. విదేశీ విద్యార్థులు సెమిస్టర్‌పాటు ఉండి భాషలు, చరిత్ర, నృత్యం చదువుకుని వెళ్తారు. మన పిల్లలు అక్కడ మంచుకు జడిసినట్టే వాళ్లు ఇక్కడ ఏప్రిల్ ఎండకు, మెస్ సాంబారుకు, రోడ్డు దాటడానికి జడుస్తారు.

మోసపోయినవాళ్లు, తిరిగిరానివాళ్లు

కుదురుకోవడం అన్నది విమానం ఎక్కకముందే చెడిన సందర్భాలున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియా ప్లెజంటన్‌లోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. పదిహేను వందలకు పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఐదు వందల మందికి పైగా ఒకే అపార్ట్‌మెంట్ చిరునామా చూపించినట్టు తేలింది. కొందరు విద్యార్థుల కాళ్లకు జీపీఎస్ పట్టీలు కట్టారు. యూనివర్సిటీ అధిపతికి తర్వాత 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

2019 జనవరిలో మిషిగన్‌లో ఇంకో దెబ్బ. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే ఉచ్చు పన్నారు. అందులో పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగువారే. విద్యార్థుల్ని చేర్పించిన దళారుల్లోనూ తెలుగు పేర్లున్నాయి. తరగతులు లేని కోర్సులో చేరితే పని చేసుకోవచ్చన్న ఆశే ఈ రెండు యూనివర్సిటీల విద్యార్థుల్నీ అక్కడికి చేర్చింది.

ఇంకో విషాదం తరచూ పత్రికల్లో కనిపిస్తోంది. 2024 జులైలో విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం ఐదేళ్లలో విదేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు చనిపోయారు. కెనడాలో 172 మంది, అమెరికాలో 108 మంది. అనారోగ్యం, రోడ్డు ప్రమాదాలు, దాడులు కారణాలు. నీళ్లూ ఒక కారణం. ఆ ఏడాది ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగిపోయారు. వేసవిలోనూ బాగా చల్లగా ఉండే అక్కడి నీళ్లు గోదావరి, కృష్ణల్లో ఈత కొట్టినవాళ్లనూ నిమిషాల్లో కుంగదీస్తాయి. ఇలాంటప్పుడు తానా ‘టీమ్ స్క్వేర్’ వంటి స్వచ్ఛంద బృందాలే మృతదేహాలు ఇంటికి చేర్చే పని నెత్తిన వేసుకుంటున్నాయి. వెళ్లే ప్రతి విద్యార్థీ విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఆపదలో దౌత్య కార్యాలయానికి ఆచూకీ తెలుస్తుంది.

నిబంధనలూ ఏటా మారుతున్నాయి. 2025 మే చివర్లో అమెరికా విద్యార్థి వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేసి, జూన్‌లో మళ్లీ తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమంది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. కెనడా చూపించమనే జీవన వ్యయం 22,895 కెనడియన్ డాలర్లకు పెరిగింది. ఆస్ట్రేలియాకు 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు, జర్మనీకి జీవన వ్యయం కోసం బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు కావాలి. బ్రిటన్‌లో చదువయ్యాక ఉండే గడువు 2027 జనవరి నుంచి రెండేళ్లకు బదులు 18 నెలలే. మూడేళ్ల కిందట వెళ్లిన పక్కింటి అన్నయ్య చెప్పిన లెక్క ఈ ఏడాదికి పనికిరాదు.

డాలస్ దాకా వెళ్లిన ఫిల్మ్‌నగర్

ఈ పిల్లల సంఖ్య సినిమా వ్యాపారాన్నీ మార్చింది. పెద్ద సినిమా విడుదలకు ముందురోజు సాయంత్రం అమెరికాలో ప్రీమియర్లు పడతాయి. వాటి టికెట్లు ముందుగా కొనేవాళ్లలో, థియేటర్ బయట కారు ర్యాలీలు తీసేవాళ్లలో విద్యార్థులే ఎక్కువ. 2024 డిసెంబరు 21న ‘గేమ్ ఛేంజర్’ ప్రీరిలీజ్ వేడుక జూబ్లీహిల్స్ పరిసరాల్లో జరగలేదు. డాలస్ పక్కన గార్లండ్‌లో జరిగింది. భారతీయ సినిమాకు అమెరికాలో జరిగిన మొదటి ప్రీరిలీజ్ వేడుక అది.

అయినా వాళ్ల కథ మళ్లీ పాత దారిలోకే పోతోంది. 2010లో ‘ఆరెంజ్’ సిడ్నీ అందాలు చూపించింది. 2020లో ‘మిస్ ఇండియా’లో ఎం.బి.ఏ. చదివే అమ్మాయి అమెరికాలో టీ వ్యాపారం పెట్టి గెలిచింది. ఎక్కువ సినిమాల్లో విదేశీ చదువు హీరో పరిచయానికి ఒక షాట్, విరామం తర్వాత ఒక పాట. ఇరవయ్యేళ్ల కిందట ‘వెన్నెల’ తట్టిన తలుపు ఆ తర్వాత పెద్దగా తెరుచుకోలేదు. ఈ ఇరవయ్యేళ్లలో అక్కడ కథలు మాత్రం చాలా పోగయ్యాయి. లోను వాయిదాకు ఇంటికి ఫోన్ చేయలేని అబ్బాయి ఉన్నాడు. గురుకులం నుంచి వెళ్లి అమెరికన్ అమ్మను ‘అమ్మా’ అని పిలవాలా వద్దా అని తటపటాయించిన అమ్మాయి ఉంది. కీవ్‌లో మూడో ఏడాది ఆపేసి వచ్చి ఇంకో దేశంలో మళ్లీ మొదలుపెట్టిన డాక్టరమ్మ ఉంది.

ఫిల్మ్‌నగర్ రచయితలు, దర్శకులు ఈ పిల్లలతో ఒకసారి కూర్చోవాలి. ప్రీమియర్ టికెట్లు కొనేది వాళ్లే కాబట్టి చూసేవాళ్లకు లోటుండదు. ఈ కథలకు స్విట్జర్లాండ్ మంచుకొండలు అక్కర్లేదు. ఒక అపార్ట్‌మెంటు, ఒక వంటగది, నలుగురు కొత్త నటులు సరిపోతారు. 17 రోజుల్లో, 17 లక్షలతో ఇలాంటి సినిమా తీసి హాళ్లలో ఆడించిన చరిత్ర ఈ ఊరికి ఉంది.